నలభై దినాల ఇనప్పెట్టె

ఆ సోమవారం ఉదయం తాళాల మేస్త్రి తలపెట్టిన పనులు మూడే. బడి గేటు తాళానికి స్ప్రింగు మార్చడం, బజారులో పళ్లు కోయని తాళంచెవులు కొన్ని కొనడం, నాటినుండి నలభై దినాలపాటు నోట లేదు, కాదు అనే లేమి మాట పలకకుండా ఉండడం. మొదటి రెండూ భోజనవేళకే ముగిశాయి. మూడవది మాత్రం ఒక వీధిని, ఒక సంఘాన్ని, ఒక మందిరపు పైకప్పును కదిలించింది.

ఈ దీక్షకు మూలపురుషుడు మేస్త్రి బావమరిది. అతడు ఎక్కడో మూడు గంటలు కూర్చుని మనశ్శక్తిని గూర్చిన ఉపన్యాసం విని వచ్చాడు. మనస్సు అయస్కాంతమట. లేదన్నవాడి పక్కకు లేమే వచ్చి కూర్చుంటుందట. రావలసినది వచ్చినట్టే దేవునికి స్తోత్రం చెప్పి, ముందుగా పాత్రను సిద్ధం చేసుకోవాలట. ప్రార్థనాపరుడైన మేస్త్రికి ఇందులో విశ్వాసమెంతో అత్యాశ ఎంతో విడదీసే తీరిక చిక్కలేదు. చర్చి ఆవరణలో, బీదలకు ఊరకే ఇచ్చే ఒంటిగదిలో పదకొండేళ్లుగా కాపురముంటున్నవాడికి సమృద్ధి అనే మాట చెవికి ఇంపుగానే ఉంటుంది.

"దేవుడికి మన సంగతి తెలుసు కదండీ. ఆయన ముందు కూడా ఉన్నవాళ్లలా నటించాలా?" అని భార్య అడిగింది.

"నటన కాదక్కా, నమ్మకం," అన్నాడు ఆమె తమ్ముడు, రెండోసారి వడ్డించమని ప్లేటు ముందుకు జరుపుతూ.

ఆ మధ్యాహ్నమే పాత్ర దొరికింది. ఖాళీ చేస్తున్న ఒక గిడ్డంగిలో నడుమెత్తు ఇనప్పెట్టె ఉన్నది. తలుపు నెడితే దానంతటదే బిగిసిపోయే రకం. తాళంచెవి పోయి ఎన్నేళ్లయిందో యజమానికే జ్ఞాపకం లేదు. ముగ్గురు మేస్త్రులు ప్రయత్నించి దండం పెట్టి పోయారట. లోపలేమీ లేదని, మోసుకుపోతే చాలునని అన్నాడు. ఆరుగురు హమాలీలు దానిని తోపుడుబండి మీద తెచ్చి గదిలో దించి, అక్కడే కాసేపు పడుకుని వెళ్లారు. మంచానికీ పెట్టెకూ మధ్య పక్కకు తిరిగి నడిస్తే పట్టేంత సందు మిగిలింది. దీక్ష ముగిశాక, లోపల పెట్టడానికి ఏదైనా వచ్చాకనే తెరుద్దామని మేస్త్రి దాని జోలికి పోలేదు.

ఇరుగుపొరుగు వచ్చి లోపలేమున్నదని అడిగారు. ఏమీ లేదంటే దీక్ష చెడుతుంది. ఏదో ఉన్నదంటే అబద్ధమవుతుంది. మేస్త్రి చాలాసేపు ఆలోచించి, "దేవుడిచ్చినంత ఉంది," అన్నాడు. అందులో అబద్ధం లేశమైనా లేదు. కాని ఆ మాట వీధి చివరికి చేరేసరికి పెట్టె నిండిపోయింది.

సాయంత్రానికి విశ్రాంత కానిస్టేబులు ఒకాయన, అంత సొత్తున్న ఇంటికి కాపలా లేకపోతే ఎలాగని, గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. జీతమడగలేదు, గంటకొక టీ మాత్రం అడిగాడు. పాలు లేవని భార్య చెప్పబోతే మేస్త్రి కంగారుగా నోటి మీద వేలుంచి వారించాడు. ఆమె పక్కింటికి వెళ్లి అడిగి తెచ్చింది. పదకొండేళ్లుగా గ్లాసెడు పాలు పోయడానికి గొణిగిన పక్కింటావిడ ఆ రోజు చెంబుతో ఇచ్చి, కుశలం కూడా అడిగింది.

ఆదివారం ఆరాధనలో సాక్ష్యాలవేళ వచ్చింది. ఆ సంఘంలో ఒక నియమమున్నది. జరిగిన మేలును లేచి సాక్ష్యంగా చెప్పాలి, జరగవలసినదానిని చీటీ మీద వ్రాసి ప్రార్థనకు ఇవ్వాలి. మేస్త్రి చీటీ వ్రాయలేదు, లేచాడు. "దేవుడు నన్ను నింపేశాడు. నాకు ఇప్పుడు అన్నీ ఉన్నాయి. స్తోత్రం," అన్నాడు. సంఘమంతా స్తోత్రమన్నది. భార్య పాటల పుస్తకం ముఖానికి అడ్డం పెట్టుకున్నది.

ఆరాధన ముగియగానే సంఘ పెద్ద వచ్చారు. నియమాలన్నిటినీ కంఠస్థం చేసిన మనిషి. ఆ గది లేనివారిది కనుక శనివారానికి ఖాళీ చేయాలన్నారు. భర్తను పోగొట్టుకున్న ఒక దర్జీ, ఇద్దరు బిడ్డల తల్లి, బంధువుల వరండాలో కుట్టుమిషను పెట్టుకుని మూడేళ్లుగా ఆ గది కోసమే ఎదురుచూస్తున్నది. ఆయన వెనుకనే పాస్టరుగారు వచ్చి, మందిరపు కప్పు కారుతున్న సంగతి జ్ఞాపకం చేసి, కొత్త కప్పు మేస్త్రి వేయించగలడా అని అడిగారు. నావల్ల కాదనడం లేమి మాటలన్నిటిలోనూ పెద్దది. మేస్త్రి దిగులుతో తల వంచాడు. పాస్టరుగారికి అది సమ్మతిగా తోచింది. బుధవారానికి పాత రేకులన్నీ దించేశారు.

"గది పోతోందిరా," అన్నాడు మేస్త్రి బావమరిదితో.

"పోతోంది అనకు బావా. పెద్దది వస్తోంది అను. పదోరోజే జారిపోతే ఎలా?"

శనివారం ఉదయం పెద్దది రాలేదు. దర్జీ తన మిషనుతో, బిడ్డలతో వచ్చింది. మేస్త్రి సామానంతా ఆవరణలోకి చేరింది. పెట్టె మాత్రం చేరలేదు. సంఘస్థులు పదిమంది వంగి పట్టారు. నడుములు పట్టుకున్నాయి కాని పెట్టె కదలలేదు. లోపలి బరువు తీస్తే తేలికవుతుంది, తెరవమన్నారు సంఘ పెద్ద. ఆకాశం నల్లబడుతున్నది. మూటల మీద కూర్చున్న భార్య తడవకుండా పరుపును మడిచి ఒళ్లో పెట్టుకుని, పైన కొంగు కప్పింది. అది చూచిన క్షణంలో మేస్త్రి దీక్ష విరిగింది.

"అయ్యా, పెట్టెలో ఏమీ లేదు. నా దగ్గరా ఏమీ లేదు. ఉందని చెబితే వస్తుందనుకున్నాను. దేవుడి పేరు పెట్టుకుని అబద్ధం చెప్పాను."

సంఘ పెద్ద కళ్లు చెమర్చాయి.

"చూశారా, ఇంత కలిగినా ఎంత తగ్గింపు మనసో," అన్నారు.

మేస్త్రి మళ్లీ లేదన్నాడు. పాస్టరుగారు ఆప్యాయంగా భుజం తట్టారు. మూడోమారు లేదనేసరికి, ఇదేదో చాలా పెద్ద మొత్తమేనని కానిస్టేబులు గుంపును రెండడుగులు వెనక్కి జరిపాడు.

ఇక తెరవడమొక్కటే మిగిలింది. మేస్త్రి సంచిలోనుండి రెండు వంకర తీగలు తీసి, పెట్టెకు చెవి ఆనించి, కళ్లు మూసుకున్నాడు. ముగ్గురు మేస్త్రులు దండం పెట్టిన తాళం పావుగంటలో టక్కుమన్నది. లోపల మూడు అరలు, వాటి నిండా దుమ్ము, నడిమి అరలో ఒక తాళంచెవి. ఆ పెట్టెదే.

మొదట నవ్వినది మేస్త్రి భార్య. పదమూడు రోజుల నవ్వు అది.

గుంపులో ఎవరూ ఆమెతో కలిసి నవ్వలేదు. కానిస్టేబులు ముఖం మెల్లగా రంగు మారింది. "మేస్త్రీ, ఇంత లావు తాళమే పావుగంటలో వచ్చిందే. మరి మా ఇంటి తాళం?"

"మీదా? ఊదితే వస్తుందండీ," అన్నాడు మేస్త్రి. నిజం చెప్పే ఉత్సాహం ఇంకా తగ్గలేదు. "పక్కింటివారిదైతే ఊదక్కర్లేదు."

ఆవరణ క్షణంలో ఖాళీ అయింది. అరగంట గడిచాక, చినుకుల్లోనే, వీధి వీధంతా తమ తమ తాళాలు చేతపట్టుకుని వచ్చి వరుసలో నిలబడింది. ఆరునెలలకు సరిపడా పని ఒక్కపూటలో కుదిరింది. వరుసలో చివర నిలబడినది గిడ్డంగి యజమాని.

పెట్టె ఖాళీయని రుజువైంది కనుక గది మళ్లీ మేస్త్రిదేనని సంఘ పెద్ద నియమం చెప్పారు. చూరు కింద మిషను మీద చెయ్యి వేసి నిలబడిన దర్జీ వైపు మేస్త్రి చూచాడు.

"వద్దండీ. ఇప్పుడు నిజంగానే ఉంది. కప్పు కూడా మెల్లగా నేనే వేయిస్తాను," అన్నాడు.

"ఇదీ సాక్ష్యమంటే," అంటూ భార్య మూట చంకనెత్తుకుని అద్దెగది వెతకడానికి ముందు నడిచింది. నలభై రోజుల ఫలం పదమూడు రోజులకే చేతికొచ్చిందని బావమరిది మాత్రం కనబడినవారికల్లా చెప్పుకున్నాడు.

మరునాడు ఆరాధన గొడుగుల కింద జరిగింది. పాస్టరుగారి ప్రసంగం ఆ సంఘ చరిత్రలోకెల్లా చిన్నది. మేస్త్రి లేవలేదు. కప్పు కోసం ఒక చీటీ వ్రాసి ఇచ్చాడు. గదిలో కదలని ఇనప్పెట్టె దర్జీకి ఇస్త్రీ బల్ల అయింది. దాని తాళంచెవి మళ్లీ ఎక్కడా పోకూడదని సంఘ పెద్ద దానిని భద్రంగా నడిమి అరలో పెట్టించి, తలుపు గట్టిగా నెట్టించారు.