కూర్మయ్య వెనక ఊరేగింపు

ఆ శనివారం పొద్దున్న కూర్మయ్య పెట్టుకున్న పని చాలా చిన్నది. సైకిలు మీద చాందినీ బజారుకు వెళ్ళడం, దారి చెప్పే జీపీఎస్ యంత్రం ఒకటి కొనడం, మధ్యాహ్నం భోజనాల వేళకు తిరిగొచ్చి దాన్ని బావమరిది కోదండం కళ్ళ ముందు పెట్టడం. ఈ మాత్రానికే ఆయనకు కాలూ చెయ్యీ ఆడలేదు. సైకిలు గొలుసుకు నూనె వేశాడు, వేసిన సంగతి మరిచిపోయి మళ్ళీ వేశాడు. టైర్లు నొక్కి చూశాడు. టీ గ్లాసు అరుగు మీద పెట్టి, అది చల్లారి మీగడ కట్టేదాకా సందులో ఆ చివరికీ ఈ చివరికీ తిరిగాడు.

కూర్మయ్య కలకత్తా ఓడరేవు డాకులో క్రేను నడుపుతాడు. ఆ పక్కనే మెటియాబ్రుజ్‌లో కాపురాలున్న శ్రీకాకుళం వాళ్ళు కొందరు ఏటా సైకిళ్ళ మీద దీఘా వెళ్ళి సముద్రం చూసి వస్తారు. ముందు సైకిలు ఎప్పుడూ కూర్మయ్యదే. ముందు సైకిలంటే మాటలు కాదు. టీకి ఎక్కడ ఆగాలి, ఎవరి పంక్చరు కోసం ఎంతసేపు చూడాలి, అన్నీ ఆ సైకిలే నిర్ణయిస్తుంది. డాకులో అందరూ "ఏయ్ క్రేన్!" అని కేకేసే మనిషికి ఏడాది మొత్తం మీద దొరికే పెద్దరికం అదొక్కటే. పోయినేడాది కోలాఘాట్ దాటాక ఎడమకు తిరగవలసిన చోట ఆయన తిన్నగా పోయి, అందర్నీ తీసుకెళ్ళి ఖరగ్‌పూర్‌లో తేల్చాడు. సముద్రానికని బయలుదేరిన వాళ్ళు రైల్వే ప్లాట్‌ఫారం చూసుకుని, సైకిళ్ళను బ్రేకువానులో వేసుకుని ఇంటికొచ్చారు.

ఆ కథను కోదండం పెళ్ళిళ్ళలో చెప్పాడు, పురుళ్ళలో చెప్పాడు, ఒకసారి దినకర్మ భోజనాల్లో కూడా చెప్పి అందర్నీ నవ్వించాడు. ఈ ఏడు ముందు సైకిలు తనదే కావాలన్నాడు. జట్టుకు పెద్దవాడైన గవరయ్య మధ్యేమార్గం చెప్పాడు. "ఒరే కూర్మయ్యా, దారి సెప్పే మిషను తెస్తే ముందు సైకిలు నీదే. తేకపోతే కోదండానిది. శనివారం బోజనాల కాడ తేల్సీద్దారి."

బయలుదేరుతుంటే భార్య పున్నమ్మ గుమ్మంలోకి వచ్చింది. "మావా, ఏదో ఒకటి కొనీసి బేగి వచ్చీ. ఇదా అదా అని పొద్దోయేదాకా అక్కడే నిలబడిపోకు. సీరల కొట్లో నన్నయితే తిట్టిపోస్తావు."

"నీకేటి తెలుసే! ఇది సీర కాదు, పరువు," అని కూర్మయ్య పెడలు తొక్కాడు.

చాందినీలో బిశ్వాస్ బాబు కొట్టులో రెండు యంత్రాలున్నాయి. చిన్నది సైకిళ్ళ కోసమే చేసింది, వానలో తడిసినా ఏమీ కాదట, సందులూ గొందులూ తెలుసట. పెద్దది కార్లది. తెర వెడల్పు, గొంతు గట్టిది. కూర్మయ్య చిన్నదాన్ని పట్టుకుంటే కళ్ళు పెద్దదాని మీదికి పోయాయి, పెద్దదాన్ని పట్టుకుంటే చిన్నదాని మీదికి పోయాయి. ఎండలో తెర కనిపిస్తుందా అని అడిగాడు. గతుకుల్లో ఊడిపోతుందా అన్నాడు. టీ దుకాణాలు చూపిస్తుందా అన్నాడు. దారి తప్పితే అందరికీ వినపడేలా చెబుతుందా, లేక ముందున్న వాడికి మాత్రమే మెల్లిగా చెబుతుందా అని కూడా అడిగాడు. వెనక నిలబడ్డ ఖాతాదారులు ఒక్కొక్కరే వెళ్ళిపోతున్నారు.

బిశ్వాస్ బాబు చివరకు రెండు చేతులూ జోడించాడు. "దాదా, రెండూ పట్టుకెళ్ళండి. ఇంటిదాకా తొక్కి చూడండి. నచ్చనిది సాయంత్రం తెచ్చివ్వండి. మీ డాకు పాసు ఇక్కడ పెట్టి, ముందు మీరు బయలుదేరండి."

కూర్మయ్య పాత ట్యూబు ముక్కలతో రెండింటినీ హ్యాండిలుకు కట్టాడు. రెండింటికీ ఇంటి చిరునామాయే ఇప్పించాడు. ఎండకు తెరలు కనబడకపోయేసరికి, మెడలోని ఎర్ర తువ్వాలును ఒక విరిగిన గొడుగు ఊచకు తగిలించి, హ్యాండిలుకు నీడగా నిలబెట్టాడు. గాలికి అది రెపరెపలాడింది. ఆయన తృప్తిగా బెల్లు కొట్టి కదిలాడు.

మొదటి కూడలిలోనే చిన్నది ఎడమకు తిరగమంది, పెద్దది తిన్నగా పొమ్మంది. కూర్మయ్య తిన్నగా పోయాడు. గట్టిగా మాట్లాడేవాళ్ళ మాట వినడం ఆయనకు ఇంట్లో అలవాటే. అది సైకిళ్ళను నిషేధించిన పెద్ద రోడ్డని కార్ల యంత్రానికి తెలియదు. తెల్ల యూనిఫారంలో ఉన్న సార్జెంటుకు మాత్రం బాగా తెలుసు. ఆయన మోటారు సైకిలు దిగి, చెయ్యి చాచి, కూర్మయ్య సైకిలు క్యారియరు పట్టుకోబోయాడు.

సరిగ్గా అప్పుడే ధర్మతలా వైపు నుంచి ఒక ఊరేగింపు వచ్చింది. ఆ నగరంలో ఊరేగింపు వస్తే ట్రాములు ఆగుతాయి, బస్సులు ఇంజన్లు ఆపుకుంటాయి, పోలీసులు పక్కకు జరుగుతారు. కూర్మయ్య కూడా జరిగాడు, కానీ ఊరేగింపు వైపు జరిగాడు. సైకిలుతో సహా దాని ముందుకు చేరిపోయి ఊపిరి పీల్చుకున్నాడు.

వాళ్ళంతా హౌరా అవతల మూతపడ్డ ఒక జూట్ మిల్లు కార్మికులు. కలకత్తా దారులు వాళ్ళకు తెలియవు. ధర్మతలా దగ్గర సంఘం మనిషి ఒకడు సైకిలుకు ఎర్రజెండా కట్టుకుని కలుస్తాడనీ, అక్కడి నుంచి అతని వెనకే వెళ్ళాలనీ వాళ్ళకు చెప్పారు. అతను రాలేదు. ఎర్రగుడ్డ రెపరెపలాడుతున్న సైకిలు కనబడేసరికి వాళ్ళ నాయకుడు హరిపద పరుగెత్తుకొచ్చి కూర్మయ్యను కావలించుకున్నాడు.

"ఎంతసేపు చూడమంటావు దాదా! ఇటేనా?"

కూర్మయ్య వెనక్కి చూశాడు. సార్జెంటు ఇంకా ఆయన వైపే చూస్తున్నాడు. "ఇటే," అన్నాడు కూర్మయ్య.

తర్వాతి మలుపులో మెల్లిగా జారుకుందామనుకున్నాడు. అయితే ఊరేగింపుకు కాపలా రావడం కూడా ఆ సార్జెంటు ఉద్యోగమే. ఆయన మోటారు సైకిలు మీద నెమ్మదిగా, కూర్మయ్యకు అయిదారు గజాల దూరంలో, పక్కనే రాసాగాడు. ఎక్కడికి వెళ్ళాలని హరిపదను అడుగుదామంటే, దారి చూపేవాడివి నీకే తెలియదా అంటాడు. నోరు మూసుకుని తొక్కితే చెమట ధారలు కట్టింది. వెనక నుంచి "చొల్బే నా, చొల్బే నా!" అని నినాదాలు, ముందు నుంచి రెండు యంత్రాల ఇంగ్లీషు. సాగదు సాగదు అని వాళ్ళంటున్నారు, సాగు సాగు అని ఇవంటున్నాయి. మధ్యలో ఆయనకు ఏడుపు ఒక్కటే తక్కువ.

కిదిర్‌పూర్ కూడలిలో చిన్నది కుడికి తిప్పమంది, పెద్దది వెనక్కి తిప్పమంది. కూర్మయ్య కుడికి కొంతా వెనక్కి కొంతా తిప్పాడు. ఊరేగింపు తల ఆయనతోపాటు ఒక దుకాణాల వరసను చుట్టి, వచ్చిన రోడ్డులోకే వచ్చింది. ఎదురుగా ఇంకో ఊరేగింపు కనబడింది. హరిపద కళ్ళు చెమర్చాయి. పిడికిలి ఎత్తి "మీకు మా సంఘీభావం!" అని అరిచాడు. వాళ్ళూ పిడికిళ్ళెత్తారు. "ఏ మిల్లు, సోదరులారా?" అని అడిగాడు. "నీ మిల్లే హరిపదా. మేం వెనక నడుస్తున్నవాళ్ళం," అన్నారు వాళ్ళు.

ఆ గందరగోళంలో చిన్న యంత్రం తెర నల్లబడింది. కొట్టులో ఎప్పుడు చార్జింగు పెట్టారో ఏమో, పెద్దది కూడా ఒక మాట సగం పలికి ఆగిపోయింది. కూర్మయ్య దాన్ని తట్టాడు, చిన్నదాన్ని నొక్కాడు, రెండింటినీ బతిమాలాడు. ఉలుకూ పలుకూ లేదు.

వరసలో ఒక ముసలి కార్మికుడు సందేహంగా గొంతు సవరించుకున్నాడు. "యజమాని బంగళా అలీపూర్ కదా. అలీపూర్ ఎడమకు కాదూ?"

"సంఘం పంపిన మనిషి ముందుండగా దారి సంగతి నీకెందుకు?" అని హరిపద కసురుకున్నాడు.

కూర్మయ్య ఒక్కసారి వెనక్కి తిరిగి ఆ మొహాలు చూశాడు. పొద్దున్నుంచీ నడుస్తున్నారు. కొందరి కాళ్ళకు చెప్పులు కూడా లేవు. నెలల తరబడి మిల్లు లేక, ఇవాళ యజమానిని నిలదీద్దామని వచ్చినవాళ్ళు. వీళ్ళను కూడా ముంచేశానే అని ఆయనకు నిజంగా సిగ్గేసింది. కానీ అలీపూర్‌లో ఆయన ఏనాడూ అడుగు పెట్టలేదు. యంత్రం లేకుండా కళ్ళు మూసుకుని వెళ్ళగలిగింది రోజూ డ్యూటీ నుంచి వచ్చే దారొక్కటే. తన్నులు ఎలాగూ తప్పనప్పుడు, అవేవో ఇంటి ముందు తింటే కనీసం పున్నమ్మ అడ్డుపడుతుంది కదా అనుకున్నాడు. కుడికి తిరిగి, వంతెన దాటి, డాకు గోడ పక్కనుంచి తిన్నగా తొక్కాడు.

ఇంటి అరుగు మీద గవరయ్యా కోదండం భోజనానికి ఎదురుచూస్తూ కూర్చున్నారు. సందు నిండా జనంతో కూర్మయ్య రావడం చూసి ఇద్దరూ లేచి నిలబడ్డారు. పున్నమ్మ గరిటెతో బయటికొచ్చింది.

"ఏటిది మావా! ఇంతమందిని బోజనానికి పిల్సినావేటి? నేను నలుగురికే వండినాను!"

హరిపద అటూ ఇటూ చూశాడు. దర్జీ దుకాణాలు, నీళ్ళ కుళాయి దగ్గర బిందెలు, ఎదురుగా ఒక పాత గోడౌను. "దాదా, ఇది అలీపూరా?" అన్నాడు.

కూర్మయ్య నోరు తెరిచాడు. అంతలో వెనక నుంచి ఎవరో "మాలిక్! అదుగో మాలిక్!" అని కేక పెట్టారు.

గోడౌను పైఅంతస్తు వరండాలో లుంగీ బనీనుతో ఒక లావుపాటి మనిషి టీ కప్పు పట్టుకుని రాయిలా నిలబడిపోయి ఉన్నాడు. మిల్లు యజమాని. ఊరేగింపు తన బంగళాకే వస్తోందని తెలిసి, తెల్లవారేసరికి అలీపూర్ వదిలి, ఎవరికీ తెలియని ఈ గోడౌనులో వచ్చి దాక్కున్నాడు. "నేనిక్కడున్నానని మా ఇంట్లో కూడా తెలీదే! మీకెవరు చెప్పారు?" అని ఏడుపు గొంతుతో అడిగాడు. సార్జెంటు టోపీ తీసి తల గోక్కున్నాడు. ఇక దాక్కోవడానికి చోటు లేదని అర్థమై, యజమాని కిందికి దిగొచ్చి, సోమవారం మిల్లు గేటు తెరుస్తానని సార్జెంటు ఎదుట మాటిచ్చాడు.

సందు దద్దరిల్లింది. హరిపద కూర్మయ్య చేతులు పట్టుకోబోయి, చూపు హ్యాండిలు మీద పడి ఆగిపోయాడు. "ఏమిటి దాదా ఇది?"

"దారి సెప్పే మిషను," అన్నాడు గవరయ్య, భక్తిగా.

"అలీపూర్ వెళ్దామని బయలుదేరితే, మనిషి ఎక్కడ దాక్కున్నాడో కనిపెట్టి ఇక్కడికి తెచ్చిందా!" హరిపద దానికి దణ్ణం పెట్టాడు. వెనకవాళ్ళు ఒకరి భుజాల మీద ఒకరు ఎక్కి తొంగి చూశారు.

కూర్మయ్యకు ఇక ఉండబట్టలేదు. "ఆ మిషన్లు రెండూ కిదిర్‌పూర్‌లోనే సచ్చిపోనాయి! అక్కడ నుంచి తెచ్చింది నేను. నేనే!" అన్నాడు గుండె మీద కొట్టుకుంటూ.

ముందు కోదండం నవ్వాడు, ఆ తర్వాత గవరయ్య, అర్థం అడిగి తెలుసుకుని హరిపద. "బావా, నువ్వా? ఒక్కడివే? దారి తప్పకండా?" అంటూ కోదండం కళ్ళు తుడుచుకున్నాడు. పున్నమ్మ ఒక్కతే నవ్వలేదు. "సచ్చిపోనాయి కాబట్టే ఇంటికొచ్చినాడు, లేకపోతే ఏ ఊరెళ్ళిపోదుడో," అంది. అది మెచ్చుకోలో కాదో కూర్మయ్యకు తేలలేదు.

గవరయ్య తీర్పు అక్కడే చెప్పేశాడు. "ఇలాటి మిషనుంటే ముందు సైకిలు ఎవరు తొక్కితే ఏటిరా? కాళ్ళల్లో సత్తువున్నోడు సాలు. కోదండం కుర్రోడు, ఆడు తొక్కుతాడు. కూర్మయ్యా, నువ్వు ఎనకాల గాలిపంపు పట్టుకుని రా." కోదండం అప్పటికే ట్యూబు ముక్కలు విప్పుతున్నాడు. రెండింట్లో ఏది కావాలో తేల్చుకోవడానికి అతనికి తుమ్మినంత సేపు కూడా పట్టలేదు. పెద్దది తీసుకున్నాడు.

పొద్దున్నుంచీ కూర్మయ్య పడిన పాట్లన్నీ ఆ పెద్దరికం కోసమే, దాన్ని తన చేతులతో తానే హ్యాండిలుకు కట్టి తెచ్చి బావమరిదికి అప్పగించాడు. అప్పుడు హరిపద దగ్గరికి వచ్చి, హౌరాకు తిరిగి ఎలా వెళ్ళాలని మర్యాదగా అడిగాడు. కూర్మయ్య మొహం వెలిగింది. చెయ్యెత్తి చూపించబోయాడు. హరిపద అడిగింది ఆయన్ని కాదు, యంత్రాన్ని.

కోదండం దాన్ని లోపలికి తీసుకెళ్ళి చార్జింగు పెట్టాడు. అది మళ్ళీ పలికి దారి చెప్పేదాకా ఆగుదామని ఊరేగింపు మొత్తం సందులో వరసగా కూర్చుంది. హౌరా దారి తెలిసిన కూర్మయ్య వాళ్ళ మధ్య తిరుగుతూ గ్లాసుల్లో టీ పోశాడు.

కరెంటు సాయంత్రానికి గానీ రాలేదు.