బావగారి ఘన విజయం

మా బావ కొత్త ఆల్బమ్ రికార్డులు బద్దలు కొట్టిందని సాంస్కృతిక మంత్రిగారు విలేకరుల సమావేశంలో ప్రకటించే సమయానికి, మా బావ ఇంకా స్టూడియోలో నాలుగో పాట పాడుతున్నాడు. దూరదృష్టి అంటే అదీ. మనలాంటివాళ్లం పాట విన్నాక మెచ్చుకుంటాం. ప్రభుత్వం అంతవరకు ఆగదు.

మా బావ ఒకప్పుడు రాక్ స్టార్. గిటార్ పట్టుకుని గెంతితే హాలు ఊగిపోయేది. తర్వాత జనం మర్చిపోయారు. డ్రైవింగ్ స్కూల్లో క్లచ్ తొక్కడం నేర్పుతూ బతుకు లాక్కొచ్చాడు. మళ్లీ పాడతానన్నప్పుడు మా అక్క ఒక్కటే అడిగింది, డబ్బు రాకపోతే పోయింది, ఒక్కరైనా వింటారా అని.

ఒక్కరేం ఖర్మ! ప్రతి ఆఫీసూ ఆల్బమ్ సీడీలు డబ్బాల కొద్దీ కొనాలని మంత్రిగారు సర్క్యులర్ కొట్టించారు. నెల తిరక్కుండా సరుకంతా చెల్లిపోయింది. మా ఇంటికి ఒక్క కాపీ మిగల్లేదు. రిజిస్ట్రేషన్ ఆఫీసులో ఆ డబ్బాల మీద ప్రింటర్ పెట్టారు. ఇదివరకు గడగడా వణికేదట, ఇప్పుడు నిమ్మళంగా ఉంది. సంగీతం చేసే మేలు అలాంటిది. సాంస్కృతిక శాఖ డైరెక్టరుగారైతే, మూడో పాటకి ఏడుపు ఆపుకోలేకపోయానని టీవీలో చెబుతూ మళ్లీ కళ్లు తుడుచుకున్నారు.

విజయోత్సవం రోజు స్టేజీ వెనక బావ మొహంలో నెత్తురుచుక్క లేదు. సీడీలు చేసే ఫ్యాక్టరీవాళ్లు అప్పుడే ఫోన్ చేశారట. స్టూడియో నుంచి పాటలు ఆ పొద్దున్నే అందాయట. సర్క్యులర్ గడువు దాటకూడదని, అంతకుముందే ఖాళీ సీడీలు డబ్బాల్లో పెట్టి, సీలేసి పంపేశారట.

బావ సంగతి చెబితే మంత్రిగారు తొణకలేదు.

"ఎవడైనా కంప్లైంట్ ఇచ్చాడా?"

"లేదండీ."

"మరింకేంటయ్యా? పాటంటూ ఉంటే ఒకడికి నచ్చుద్ది, ఒకడికి నచ్చదు. ఇప్పుడు అందరికీ నచ్చింది. దాన్ని కదపకు."

పాలనానుభవం ఊరికే రాదు మరి.

కనీసం ఆ మూడో పాట ఒక్కటి పాడనివ్వండి అని బావ బతిమాలాడు. మంత్రిగారు దయతలిచి, తానే మైకు పట్టుకుని మూడో పాట అని ప్రకటించారు.

బావ పాడాడు. గొంతు కాస్త బొంగురుపోయింది గానీ, ప్రాణం పెట్టి పాడాడు. ముందు వరసలో అక్క నా చెయ్యి పట్టుకుని వదల్లేదు. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఈ ఒక్క మాట వేళాకోళానికి అనడం లేదు.

చప్పట్లు మర్యాదగా మోగాయి. పక్క సీట్లోంచి డైరెక్టరుగారు అక్క వైపు వంగి, ఓదార్పుగా అన్నారు:

"బాగానే పాడారమ్మా. కాకపోతే, సీడీలో ఉన్నంత ఫీల్ రాలేదు."