నదిలో జబ్బు చేపలు సున్నా

మన నదిలో చేపలంత ఆరోగ్యంగా మనుషులు కూడా లేరు! ఊరికే అనడం లేదు. మత్స్యశాఖ ఆఫీసులో చేపల జబ్బుల లెక్కలు రాసే కుర్చీలో పన్నెండేళ్లుగా కూర్చున్నవాణ్ణి, పన్నెండేళ్లూ సున్నాలే రాసినవాణ్ణి.

ఆసుపత్రిలో రోగి మంచం మీద ఉంటాడు, లెక్కపెట్టుకోవచ్చు. చేపకు ఆ మర్యాద తెలియదు. జబ్బు చేస్తే ఏ కొంగ నోట్లోనో పడుతుంది, లేదంటే చచ్చి అడుక్కి చేరుతుంది. మా సర్వే పడవ వెళ్లేసరికి వలలో పడేవన్నీ నిక్షేపంలాంటి చేపలే. రోగులంతా పోయాక వైద్య శిబిరం పెడితే ఊరు ఎంత ఆరోగ్యంగా కనిపిస్తుందో ఆలోచించండి!

ఇక మా ఫారం సంగతి. అందులో మొదటి గడి 'నదిలో మొత్తం చేపలు'. అది నింపితేగాని శాతం రాదు. నదిలో చేపల్ని లెక్కపెట్టినవాడు ఇంతవరకు పుట్టలేదు గనుక ఖాళీగా వదిలేస్తాను. కంప్యూటర్ మహాతల్లి ఆ ఖాళీని చూసి, జబ్బు సున్నా శాతం అని గ్రాఫ్ గీసేస్తుంది. ఇంత ప్రశాంతమైన ఉద్యోగం ఇంకెక్కడైనా ఉందా?

ఆ ప్రశాంతతకు మా చిన్నాన్న ఒక్కడే అడ్డు. నలభై ఏళ్లుగా వల మీదే బతుకుతున్న మనిషి. నన్ను చదివించిందీ ఆ వలే. రెండేళ్ల కిందట తడి గోనెసంచి తెచ్చి నా టేబుల్ మీద పెట్టాడు. లోపలున్న చేపలకు ఒంటినిండా పుండ్లు.

"వారం వారం ఇన్ని పడుతున్నాయిరా. రాసుకో."

"మొత్తం ఎన్నింటిలో ఇన్ని, చిన్నాన్నా?"

"నదిలో ఎన్నున్నాయో నన్నడుగుతావేంట్రా? చదువుకున్నోడివి నువ్వు కదా."

వాటిని ల్యాబ్‌కు పంపాను. సెలవులు కలిసొచ్చి ఐదో రోజున చేరాయి. కుళ్లిన శాంపిల్ చెల్లదని చీటీ వచ్చింది. ఆ మాటే చిన్నాన్నకు చెప్పి, ఇక సంచులు తేవద్దన్నాను. అప్పట్నుంచి పుండ్లున్న చేపల్ని ఆయన తిరిగి నీళ్లలోకే విసిరేసేవాడు. నా సున్నాకు వంక పెట్టేవాడే లేకుండా పోయాడు.

మొన్న సోమవారం చిన్నాన్న వట్టి చేతులతో వచ్చాడు. ఎదురుగా ఉన్న స్టూలు మీద కూర్చున్నాడు.

"నెలయిందిరా. వలకి ఒక్క చేపా తగల్లేదు," అన్నాడు. "మీ ఆఫీసులో వాచ్‌మన్ పనేమైనా ఉంటుందా?" అని అడిగాడు.

సిగ్గుతో తల దించుకుని ఆ నెల ఫారం తీశాను. జబ్బు చేపలు: సున్నా. పన్నెండేళ్లలో నేను రాసిన సున్నాల్లో నిజమైనది అదొక్కటే.