గురువారం నొప్పులు

ఆ గురువారం తెల్లవారేసరికి ఆకాశం బందరు వైపు నల్లగానూ, విజయవాడ వైపు తెల్లగానూ ఉంది. మధ్యలో ఉన్న ఊరి మీద ఏం చెయ్యాలో తేల్చుకోలేక నాలుగు చినుకులు రాల్చి ఊరుకుంది. వరి కోతలకొచ్చిన రోజులు కనుక ఊరంతా తలెత్తి మబ్బునే చూస్తోంది. హనుమయ్య ఒక్కడు మాత్రం అరుగు మీద కూర్చుని తన మోకాళ్ళు చూసుకుంటున్నాడు. ఈరోజు నొప్పి ఏ మోకాలికి రావాలన్నది ఇంకా తేలలేదు.

నిజానికి ఆ మోకాళ్ళకు ఏమీ లేదు. అరవై ఎనిమిదేళ్ళ వయసులోనూ ఆయన కాలవ కట్ట మీద చల్లపల్లి దాకా నడిచి వెళ్ళి రాగలడు. భార్య రామతులసి పోయి నాలుగేళ్ళయింది. పిల్లలు లేరు. ఉన్న రెండెకరాలూ కౌలుకిచ్చేశాక పొలానికీ ఆయనతో పని లేకుండా పోయింది. పొద్దున్నే పాలప్యాకెట్ తెచ్చుకుని, గ్లాసుడు బియ్యం కుక్కర్లో పడేసి, రెండు పూటలా అదే తిని, మిగతా పొద్దంతా వీధిలోకి చూస్తుంటాడు. ఆ మధ్య క్రెడిట్ కార్డు కావాలా అని ఒకమ్మాయి ఫోన్ చేస్తే పదకొండు నిమిషాలు మాట్లాడాడు. అన్నం తిన్నావా, మీ ఆఫీసులో ఫ్యాన్లు ఉంటాయా, మీదే ఊరు అని అడిగాడు. ఆఖరికి ఆ అమ్మాయే విసుగొచ్చి పెట్టేసింది.

ఊరి చివరి చర్చికి పాతికేళ్ళు నిండుతున్నాయి. ఆ సందర్భంగా డిసెంబరు మొదటి ఆదివారం సువార్త సభ, ప్రేమ విందు పెట్టారు. దానికి ముందు మొదలుపెట్టి క్రిస్మస్ దాకా ప్రతి గురువారం మధ్యాహ్నం ఊళ్ళో ఇంటింటికీ వెళ్ళాలని పాస్టర్ ఫిన్నీ నిర్ణయించాడు. ముప్పై ఏళ్ళు నిండని మనిషి. ఏ పని చేసినా పుస్తకంలో రాసుకుని చేస్తాడు. కులమేమిటి, మతమేమిటి అని చూడకుండా ప్రతి ఇంట్లోనూ "ప్రార్థన అంశాలు ఏమైనా ఉన్నాయా అండీ" అని అడుగుతాడు. మామూలు అంశమైతే నీలం పెన్ను, గట్టిదైతే ఎర్ర పెన్ను. అంశం తీరిపోతే అడ్డంగా ఒక గీత.

మొదటి గురువారం చర్చివాళ్ళు హనుమయ్య ఇంటికొచ్చినప్పుడు ఆయన ఉన్నమాటే చెప్పాడు. అంశాలేమీ లేవన్నాడు. నిలబడే రెండు నిమిషాలు ప్రార్థన చేసి, చేతిలో కరపత్రం పెట్టి, వందనాలు చెప్పి వెళ్ళిపోయారు. ఎదురింటి మణెమ్మకు షుగరు. వాళ్ళు అక్కడ కూర్చున్నారు. పాట కూడా పాడారు. హనుమయ్య గోడ గడియారం చూశాడు. ముప్పై ఐదు నిమిషాలు.

అందుకే ఈ రెండో గురువారానికి ముందుగానే కుడి మోకాలు ఖాయం చేసుకున్నాడు. లోపలి కుర్చీలు నాలుగూ అరుగు మీదకు తెచ్చి, తడిగుడ్డతో తుడిచి, ఎదురెదురుగా వేశాడు.

మూడు గంటలకు వాళ్ళొచ్చారు. ఫిన్నీ, ఇద్దరు ఆడవాళ్ళు, వాళ్ళకు పెద్దగా మార్త. మార్త ముప్పై ఏళ్ళు హనుమయ్య పొలంలో నాట్లు వేసిన మనిషి. కూలి డబ్బులకు ఎప్పుడొచ్చినా గేటు దగ్గరే నిలబడేది. భర్త పోయాక కాలనీలో ఒక్కతే ఉంటోంది. కుర్చీ చూపిస్తే కూర్చోవాలా వద్దా అని కాసేపు దాని వంక చూసి, చివరికి అంచు మీద కూర్చుంది. కుడి మోకాలు పదిహేను నిమిషాలు పట్టింది. టీ తాగడానికి ఇంకో పది.

మూడో గురువారం నడుము పట్టేసింది. ఒక పాట, రెండు ప్రార్థనలు, నలభై నిమిషాలు. వాళ్ళను సాగనంపడానికి లేస్తూ హనుమయ్య మోకాలు సంగతి గుర్తొచ్చి, మర్యాద కోసం మోకాలు పట్టుకున్నాడు. అది ఎడమది. మార్త ఆ కాలి వంక ఒకసారి చూసి, చెప్పులేసుకుని వెళ్ళిపోయింది.

నాలుగో గురువారం వాన మొదలయ్యేలా ఉంది. ఇంకా ఎనిమిది ఇళ్ళున్నాయి, నిలబడే ప్రార్థన చేసి వెళ్తామని ఫిన్నీ మెట్ల మీద నుంచే అన్నాడు. హనుమయ్య వెనక్కి తిరిగి కుర్చీలు చూశాడు. స్టవ్ మీద ఐదుగురికి పెట్టిన టీ మరుగుతోంది.

"గుండెల్లో పట్టేసినట్టు ఉంటోందండి," అన్నాడు.

అందరూ కూర్చున్నారు. ఫిన్నీ నీలం పెన్ను జేబులో పెట్టి ఎర్రది తీశాడు. హనుమయ్య ఆ సంగతి గమనించాల్సింది. గంటా పది నిమిషాలు కూర్చున్నారు. మార్త ఈసారి కుర్చీ వెనక్కి ఆనుకుని కూర్చుని, పాత నాట్ల రోజుల్లో వాన పడితే అందరూ గట్టు మీద గోనెసంచులు కప్పుకున్న సంగతి చెప్పింది. రామతులసి పోయాక ఆ ఇంట్లో అంతసేపు మాటలు వినపడటం అదే మొదలు.

ఎర్ర పెన్నుకు వేరే పద్ధతి ఉందని హనుమయ్యకు తెలియదు. ఎర్ర అంశాన్ని ఆ సాయంత్రమే చర్చి మైకులో చదువుతారు. ఇంటికొక గంట చొప్పున రాత్రీ పగలూ గొలుసు ప్రార్థన పెడతారు. చుట్టుపక్కల సంఘాలకు ఫోన్లో మెసేజ్ పంపుతారు. చర్చి మైకు ఒకటి సరిగ్గా హనుమయ్య వీధి వైపే ఉంటుంది. తన గుండెనొప్పి సంగతి ఆయన కూడా అందరితో పాటే విన్నాడు.

ఊళ్ళో గుండెనొప్పిగా బయలుదేరిన కబురు చల్లపల్లి చేరేసరికి గుండెపోటయింది. అక్కడి నుంచి వెళ్ళినవాళ్ళు ఇంకాస్త జాలిపడి ఆశ లేదన్నారు. ఆర్ఎంపీ డాక్టరు పరుగెత్తుకొచ్చి బీపీ చూశాడు. గుమ్మం బయట నలభై మంది నిలబడి చూస్తుంటే ఎవరికైనా బీపీ పెరుగుతుంది. పెరిగింది. పెరిగిందని డాక్టరు తల ఆడించాడు. ఆ తల ఆడించడం కిటికీలోంచి చూసిన మణెమ్మ, పటమటలో ఉన్న రామకోటేశ్వరరావుకు ఫోన్ చేసింది.

రామకోటేశ్వరరావు రామతులసి తమ్ముడు. విజయవాడలో టైల్స్ షాపు. అక్క పెద్దకర్మ తర్వాత మళ్ళీ ఆ ఊరికి రాలేదు. శుక్రవారం పొద్దున ఏడింటికల్లా కారు వేసుకుని దిగాడు. నాకేం లేదురా అని హనుమయ్య ఎంత చెప్పినా, గుండె జబ్బు వాళ్ళంతా మొదట అలాగే అంటారని సమాధానం చెప్పి కారు ఎక్కించాడు. విజయవాడలో పెద్దాసుపత్రికి తీసుకెళ్ళి గుండెకు ఉన్న పరీక్షలన్నీ చేయించాడు. డాక్టరు కాగితాలన్నీ చూసి, ఈయన గుండెకు ఏమీ లేదు, ఏదో ఉందని ఎవరు చెప్పారని అడిగాడు. హనుమయ్య చొక్కా గుండీలు పెట్టుకున్నాడు.

తిరుగు ప్రయాణంలో ఉయ్యూరు దాటాక రామకోటేశ్వరరావు తన నిర్ణయం చెప్పాడు.

"బావా, బాగానే ఉన్నావని డాక్టరు ఒక్కడు అంటున్నాడు. బాగోలేవని ఊరంతా అంటోంది. ఒక్కడి మాట పట్టుకుని నిన్నిక్కడ వదిలేస్తే రేపు నన్నంటారు. ఆదివారం ఆ సభేదో అయ్యాక సామాను సర్దుకో. మా ఇంటికి వచ్చేస్తున్నావు."

పటమటలో ఆ ఇల్లు మూడో అంతస్తు. రామతులసి పోయిన కొత్తలో హనుమయ్య అక్కడ వారం రోజులు ఉన్నాడు. పొద్దున ఎనిమిదింటికి షాపుకూ కాలేజీలకూ ఆఫీసుకూ ఇంట్లోవాళ్ళంతా వెళ్ళిపోతారు. పెద్దాయన పొరపాటున బయటికి వెళ్ళి తప్పిపోతాడేమోనని గ్రిల్లుకు తాళం వేసి, టీవీ రిమోట్ చేతిలో పెట్టి వెళ్ళారు. ఆ వారమంతా ఆయన బాల్కనీలోంచి నెత్తులు మాత్రమే చూశాడు. ఏ నెత్తీ పైకి చూడలేదు.

శుక్రవారం సాయంత్రం ఫిన్నీ వచ్చి ఆసుపత్రి కాగితాలు చూశాడు. గురువారం నొప్పి ఉంది, శుక్రవారం లేదు. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. దేవుడు జవాబిచ్చాడన్నాడు. ఆదివారం సభలో సాక్ష్యం చెప్పాలన్నాడు. అంశం తీరిపోయింది కనుక ఇకనుంచి గురువారం ఇక్కడ కూర్చునే గంట వేరే వీధిలో అవసరమున్న ఇంటికి ఇస్తామని కూడా సంతోషంగా చెప్పాడు. పుస్తకం తీశాడు. గీత గీయబోతే, ఆదివారం దాకా ఆగమని హనుమయ్య బతిమాలాడు.

శనివారమంతా ఆయన అరుగు మీద కూర్చుని ఆలోచించాడు. జబ్బుందంటే పటమట. తగ్గిందంటే గురువారాలు లేవు. జబ్బుండాలి, కానీ పటమట వెళ్ళేంత ఉండకూడదు. తగ్గాలి, కానీ పేరు కొట్టేసేంత తగ్గకూడదు. సాయంత్రం చర్చి ముందు షామియానా కట్టిస్తున్న ఫిన్నీ దగ్గరకు వెళ్ళి, సగం తగ్గిందని చెప్పవచ్చా అని అడిగాడు.

"సాక్ష్యమంటే జరిగింది జరిగినట్టు చెప్పడమేనండి," అన్నాడు ఫిన్నీ. "పెంచకూడదు, తగ్గించకూడదు."

ఆదివారం పదకొండింటికి షామియానా నిండిపోయింది. చల్లపల్లి నుంచి ఆటోల్లో వచ్చారు. ఆశ లేదని విన్నవాళ్ళు ఆ మనిషిని కళ్ళారా చూడటానికి ముందు వరుసల్లో కూర్చున్నారు. రామకోటేశ్వరరావు కారు రోడ్డు పక్కనే ఆపి ఉంది. బావ ట్రంకుపెట్టె, పరుపుచుట్ట పొద్దున్నే డిక్కీలోకి ఎక్కించేశాడు. ఫిన్నీ కాసేపు మాట్లాడి, పేరు పిలిచి, మైకు హనుమయ్య చేతికిచ్చాడు.

"నాకు గుండెనొప్పి లేదండి," అన్నాడు హనుమయ్య.

"స్తోత్రం" అన్నారు రెండు వందల మంది.

"తగ్గిందని కాదండి. అసలు రాలేదు."

ఈసారి స్తోత్రం వెనక వరుసల్లోంచి మాత్రం వచ్చింది. వాళ్ళకు సరిగా వినపడలేదు.

"మోకాలు నొప్పీ లేదు. నడుం నొప్పీ లేదు. ఏమీ లేదంటే మీరు రెండు నిమిషాల్లో లేచిపోతున్నారు. అందుకని చెప్పాను. టీ కూడా పెట్టి ఉంచాను."

ఇంకేమైనా చెప్పాలా అని ఆలోచించి, ఏమీ లేకపోవడంతో మైకు బల్ల మీద పెట్టేశాడు. అది కీచుమని ఆగిపోయింది. గొలుసు ప్రార్థనలో తెల్లవారుజాము గంట పడిన ఆడవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. రామకోటేశ్వరరావు తలవంచి తన బూట్ల వంక చూసుకున్నాడు. ఫిన్నీ పుస్తకం తెరిచి ఆ పేజీ చూశాడు. అబద్ధానికి ఏ రంగు పెన్నో ఆయన ఎప్పుడూ అనుకోలేదు.

ఆడవాళ్ళ వైపు రెండో వరుసలో మార్త లేచింది.

"నాకు తెలుసయ్యా," అంది. "కుడి మోకాలని చెప్పి, ఆ మరుసటివారం ఎడమ మోకాలు పట్టుకుని లేచారు మీరు."

తెలిసి కూడా ఎందుకు చెప్పలేదని ఫిన్నీ అడిగాడు. కోపంగా అడగాలనుకున్నాడు గానీ మామూలుగానే వచ్చింది.

మార్త కొంగు సర్దుకుంది. "ముప్పయ్యేళ్ళు ఆయన చేలో నాట్లేశానండి. ఆ అరుగు మీద కుర్చీలో కూర్చుంది ఈ నెల రోజుల్లోనే. అంత తొందరగా లేవబుద్ధి కాలేదు. ఇంటికెళ్ళినా నాకు మాత్రం ఎవరున్నారు?"

హనుమయ్య ఆమె వంక చూశాడు. ముప్పై ఏళ్ళలో తాను ఎన్నడూ కూర్చోమనలేదన్న సంగతి ఆయనకు అప్పుడే తెలిసినట్టుంది.

ఫిన్నీ పుస్తకం మూసి, పెన్నులు రెండూ జేబులో పెట్టుకున్నాడు. వచ్చే గురువారం హనుమయ్య గారింటికి ఎవరు వెళ్తారని మైకు లేకుండానే అడిగాడు.

"నేను వెళ్తాలెండి. దారే గదా," అంది మార్త. ఆమె ఇల్లు ఊరికి ఆ చివర.

రామకోటేశ్వరరావు లేచి కారు దగ్గరకు వెళ్ళాడు. పరుపుచుట్ట తీసి భుజాన పెట్టుకుని హనుమయ్య ఇంటి వైపు నడిచాడు. రెండోసారి ట్రంకుపెట్టెకు వచ్చాడు. పని అయ్యాక కారెక్కి వెళ్ళిపోతాడనే అందరూ అనుకున్నారు. ఆయన చెయ్యి కడుక్కుని వచ్చి భోజనాల వరుస దగ్గర నిలబడ్డాడు.

ప్రేమ విందుకు షామియానా కిందే నేల మీద పట్టాలు పరిచారు. వడ్డించేవాళ్ళు తొందరపెట్టడంతో ఎవరికి ఎక్కడ చోటు దొరికితే వాళ్ళక్కడ కూర్చున్నారు. హనుమయ్యకు ఒక పక్క మార్త, ఇంకో పక్క రామకోటేశ్వరరావు. ఎదురుగా ఫిన్నీ. విస్తళ్ళు వేశారు, నీళ్ళు పెట్టారు, అన్నం పెట్టారు, కోడికూర వేశారు. మార్త విస్తరి గాలికి లేవబోతే హనుమయ్య తన నీళ్ళ గ్లాసు దాని అంచున పెట్టాడు. నలుగురూ తలలు వంచుకుని తిన్నారు. మాట్లాడటానికి ఎవరి దగ్గరా ఏమీ మిగల్లేదు. అలాగని ఎవరూ తొందరపడి లేవనూ లేదు.

కూరలో ఉప్పు తక్కువైంది. ఆ మాట ఎవరూ పైకి అనలేదు.