తిన్నాను, బాగున్నాను

పన్నెండింటికి ఉద్యోగ పరీక్ష. అద్దె గదిలో తన కంప్యూటర్ మీదే రాయాలి. ఆన్ చేస్తే ఎంతకీ తెరుచుకోని ఆ లినక్స్ కంప్యూటర్‌ను పొద్దున్నే బాగుచేసుకుని స్థిమితంగా కూర్చోవాలని ఆ పిల్ల అనుకుంది. పాత ఉద్యోగం పోయిన సంగతి ఇంట్లో చెప్పలేదు. ఉద్యోగం ఉన్నన్నాళ్ళే విడిగా ఉండటం, లేదంటే పెట్టె సర్దుకుని వచ్చెయ్యడం అన్న షరతు మీదే నాన్న పంపించాడు.

కంప్యూటర్ ఆన్ అవగానే వాటంతటవే మొదలయ్యే పనులు కొన్ని ఉంటాయి. సర్వీసులంటారు. వాటిలో ఏదో ఒకటి మొరాయించి మిగతావాటినీ ఆపేస్తోంది. ఒక్కోదాన్నీ ఆపడం, కంప్యూటర్‌ను మళ్ళీ ఆన్ చేసి చూడటం. ఫోను సైలెంట్‌లో బోర్లా పెట్టి, చెవుల్లో పాటలు పెట్టుకుని ఆ పనిలో పడింది. తను స్వయంగా రాసుకున్న సర్వీసు జోలికి మాత్రం పోలేదు. కన్నబిడ్డను ఎవరు అనుమానిస్తారు? ఆన్ అయిన ప్రతిసారీ అది అమ్మ ఫోనుకు 'నిద్ర లేచాను, తిన్నాను, బాగున్నాను' అని పంపిస్తుంది.

మొదటి కబురుకు అమ్మ ప్రాణం రోజూలాగే కుదుటపడింది. రెండోది వచ్చినప్పుడు పిల్లకు మతిమరుపు అనుకుంది. మూడోదానికి కూలబడింది. మూడుసార్లు నిద్ర లేచిందంటే మధ్యలో రెండుసార్లు స్పృహ తప్పినట్టే కదా. తిన్నది మర్చిపోయి మళ్ళీ తింటోందంటే దెబ్బ తలకే తగిలి ఉంటుంది. ఫోన్ చేస్తే ఎత్తదు. నాలుగో కబురు వచ్చేసరికి ఆవిడ బస్సులో ఉంది.

బస్సులోంచే ఇంటి ఓనరమ్మను బతిమాలుకుంది. ఓనరమ్మ మేడెక్కి తలుపు బాది, చెవి ఆనించి విని, ఫోన్ చేసింది.

"తలుపు తియ్యట్లేదు వదినగారూ. లోపల ఎవర్నో బతిమాలుతోంది, లే తల్లీ, ఒక్కసారి లే అని."

"ఎవర్నండీ? అది ఒక్కతే కదా ఉండేది."

"అదే నాకూ అర్థం కావట్లేదు."

అమ్మకు మాత్రం అర్థమైపోయింది. లోపల ఇంకో ఆడపిల్ల పడి ఉంది. ఇద్దరూ కలిసి ఏం తిన్నారో ఏమో.

కరెంటు పోతే పిల్ల అదే బయటికొస్తుందని ఓనరమ్మ మెయిన్ స్విచ్ కట్టేసింది. మామూలు కోతే అనుకుని పిల్ల ఉక్కలోనే కూర్చుంది. స్విచ్ మళ్ళీ వెయ్యగానే కంప్యూటర్ తనంతట తానే మొదలైంది. లోపల ఉలుకూ పలుకూ లేదని ఓనరమ్మ చెబుతుండగానే అమ్మకు ఇంకో 'బాగున్నాను' వచ్చింది. పిల్ల పడి ఉంటే ఇవి రాస్తున్నది ఎవడు? వడ్రంగిని పిలిచి తలుపు పగలగొట్టించమని ఓనరమ్మకు చెప్పింది.

తలుపు ఊడి పడేసరికి అమ్మ మెట్లెక్కి వచ్చేసింది. పిల్ల నిక్షేపంగా కూర్చుని ఉంది. రెండో పిల్ల కోసం ఓనరమ్మ మంచం కింద కూడా చూసి, నిరాశగా వడ్రంగిని తీసుకుని కిందికెళ్ళింది.

కబుర్ల సంగతి చెప్పక తప్పలేదు, దాని వెనకే ఉద్యోగం సంగతీ. చెబుతుంటేనే పిల్లకు తట్టింది, మొరాయిస్తున్నది తన సర్వీసేనని. అమ్మకు కబురు చేరేదాకా మిగతావన్నీ ఆగాలని రాసింది తనే. అమ్మ దుమ్ము పట్టిన పొయ్యిని చూసింది, పిల్ల మెడ కింద తేలిన ఎముకలు చూసింది.

"తిన్నానని రాసింది కూడా ఇదేనా?"

పిల్ల తలూపింది.

"దీన్ని తీసేస్తే పరీక్ష రాయగలవా?"

"రాయగలనమ్మా."

"తీసెయ్."

పరీక్ష మొదలైన కాసేపటికి నాన్న ఫోన్ చేశాడు. కీబోర్డు మీద పిల్ల చేతులు ఆగిపోయాయి. అమ్మ లేచి, తలుపు ఉండాల్సిన చోట నిలబడింది.

"అమ్మాయి బాగానే ఉందండీ. ఉద్యోగం కూడా బాగానే ఉంది. ఒంట్లో బాగాలేనిది దాని కంప్యూటర్‌కే. నాలుగు రోజులుండి వస్తాను."

ప్రతిదానికీ కీడే శంకించే మనిషి బాగుందంటే బాగున్నట్టేనని ఆయన నిశ్చింతగా ఫోన్ పెట్టేశాడు.