అరుపుల అంగీకారం

ఆ రోజుకు మాలతి వేసుకున్న పథకం చిన్నదే. పొద్దున్నే కోర్టుకు వెళ్ళాలి, భర్త భీమ్‌రావుతో కలిసి జడ్జి ముందు "విడాకులు మా ఇద్దరికీ సమ్మతమే" అని చెప్పాలి, మధ్యాహ్నానికల్లా అంజూర్ ఫాటాలో కొత్తగా తెరిచిన తన కుట్టు దుకాణం చేరుకోవాలి. పెద్దలు కుదిర్చిన పెళ్ళి అది. ఆ ఇద్దరికీ తిట్టుకోవడానికి కారణం లేదు, కలిసి ఉండడానికీ దొరకలేదు. రెండేళ్ళుగా వేరుగా ఉంటూ, బురద చల్లుకోకుండా విడిపోదామని ఇద్దరూ కలిసే దరఖాస్తు పెట్టుకున్నారు.

చిక్కల్లా గొంతులతో వచ్చింది. ఇద్దరూ మహారాష్ట్రలోని భివండి కార్ఖానాల్లో సాంచెల మధ్య పెరిగినవాళ్ళు. ఆ మరమగ్గాల మోతలో మాట వినపడాలంటే అరవాల్సిందే. అరవగా అరవగా, మోత లేని చోట కూడా గొంతు తగ్గడం మానేసింది. వాళ్ళ వకీలుకు ఈ సంగతి తెలుసు. ఖర్మకొద్దీ ఆయనకు ఆ రోజే జ్వరం వచ్చి, తెలుగు ముక్క రాని జూనియర్ అమోల్‌ను పంపాడు.

అమోల్ వచ్చేసరికి కోర్టు వరండాలో ఇద్దరూ ఎదురెదురుగా నిలబడి ఉన్నారు.

"మీ అమ్మకు మోకాలు నొప్పి తగ్గిందా?" అని భీమ్‌రావు కప్పు ఎగిరిపోయేలా అడిగాడు.

"తగ్గింది. నువ్వు పంపిన నూనె మంచిగ పనిచేసింది," అని మాలతి అంతకు రెండింతలు అరిచింది.

అమోల్‌కు మాటలు అర్థం కాలేదు, అరుపులే వినిపించాయి. కొట్టుకు చచ్చేలా ఉన్న వీళ్ళకు సమ్మతి విడాకులేమిటి, భర్త మీద క్రూరత్వం కేసు వేయాలి గానీ అనుకున్నాడు. అక్కడే బల్ల మీద కూర్చుని, భీమ్‌రావును పచ్చి రాక్షసుణ్ణి చేసి రాసేశాడు. మాలతిని పక్కకు పిలిచి సంతకం పెట్టమన్నాడు.

మాలతికి ఒళ్ళు మండింది. ఒక్క చెంపదెబ్బ కూడా కొట్టని మనిషి మీద అబద్ధానికి సంతకం పెట్టనని హిందీలో చెప్పింది. వీధి చివరి దాకా వినిపించింది. పాపం, ఎంత భయపడితే ఇంత అరుస్తుందోనని అమోల్ కానిస్టేబుల్‌ను తెచ్చి ఇద్దరి మధ్యా నిలబెట్టాడు.

భీమ్‌రావు హడలిపోయి తన కార్ఖానా యజమాని రాజయ్యకు ఫోన్ చేశాడు. రాజయ్య కులసంఘం పెద్ద కూడా. ఆటో దిగుతూనే తీర్పు చెప్పాడు.

"మీకు కోర్టెందుకే? సంఘంల కూసుందాం. స్టాంపు కాయితం మీద నలుగురం దస్కత్ పెడితే అయిపాయె."

"వద్దు సేటూ. రేపు గా కాయితం చెల్లదంటే నేనేడికి పోవాలె?" అని మాలతి అరిచింది.

నలభై ఏళ్ళు సాంచెల మధ్య బతికిన రాజయ్య గొంతు ముందు మిగతా ఇద్దరిదీ గుసగుసే. ఆయన వేలెత్తి మాట్లాడడం చూసి, ఇది బెదిరింపేనని అమోల్ తేల్చుకున్నాడు. నేరుగా లోపలికి వెళ్ళి, ఇందులో సమ్మతి లేదని, పైగా ఆమెను బెదిరిస్తున్నారని జడ్జమ్మకు విన్నవించాడు.

జడ్జమ్మ అందరినీ పిలిపించింది. సమ్మతి లేకపోతే ఈ దరఖాస్తు కొట్టేస్తానని, ఆ తర్వాత కేసు వేసుకుని ఏళ్ళ తరబడి తిరగాల్సిందేనని చెప్పింది. మాలతి గబగబా ముందుకు వచ్చింది. సంగతి చెప్పబోయింది. కిటికీ అద్దాలు గలగలలాడాయి.

"ఇంకొక్క అరుపు వినిపిస్తే అందరినీ బయటికి పంపిస్తాను," అంది జడ్జమ్మ.

ఇక నోరు తెరిచే ధైర్యం ఎవరికీ లేదు. మాలతి భీమ్‌రావు వైపు తిరిగి చేతులెత్తింది. అరిచే ఓపిక లేనప్పుడు కార్ఖానాలో అందరూ చేతులతోనే మాట్లాడుకుంటారు. ఆమె అమోల్ చేతిలోని కాగితం చూపి, కాదన్నట్టు చెయ్యి ఊపింది. అతను గుండె మీద చెయ్యి వేసుకుని తల ఊపాడు. ఆ తర్వాత వేళ్ళు కలిపి నోటి దగ్గర పెట్టాడు. ఆమె అడ్డంగా తల ఊపింది.

"ఏం చెప్పుకుంటున్నారు?" అని జడ్జమ్మ అడిగింది.

రాజయ్య జన్మలో మొదటిసారి గొంతు తగ్గించాడు. "ఆ కాయితం నేను రాయించలే అంటుంది మేడమ్. నాకెర్కే అంటుండు. పొద్దున తిన్నవా అని అడిగిండు. లేదంటుంది."

జడ్జమ్మ ఆ కాగితం లోపల పెట్టుకోమని అమోల్‌కు సైగ చేసింది. "ఇంత ఒద్దికైన మొగుడూ పెళ్ళాలను నేనీ కోర్టులో చూడలేదు," అంది. ఇద్దరినీ విడివిడిగా దగ్గరకు పిలిచి అడిగింది. ఇద్దరూ గొంతు నొక్కిపట్టి సమ్మతమే అన్నారు. ఆమె అక్కడికక్కడే విడాకులు మంజూరు చేసింది.

మాలతి తలెత్తుకుని బయటికి వచ్చింది. ఆమె అబద్ధం మీద సంతకం పెట్టలేదు, ఎవరి కాళ్ళూ పట్టుకోలేదు, అనుకున్న తోవలోనే అనుకున్నది సాధించింది. ఆ సంతోషం పట్టలేక గేటు బయట పెద్దగా నవ్వింది. భీమ్‌రావు ఆమెకు వడాపావ్ కొనిపెట్టాడు. ఇద్దరిదీ ఒకే దారి కావడంతో, కబుర్లు చెప్పుకుంటూ ఒకే ఆటో ఎక్కారు.

పాపం ఆ ఆటోవాడు, అంజూర్ ఫాటా వచ్చేదాకా వాళ్ళిద్దరికీ రాజీ కుదుర్చాలని చూస్తూనే ఉన్నాడు.