ఉంగరపు వేలి సాధన

ఆ ఉదయం ఆకాశం కురవాలో మానాలో తేల్చుకోలేక ముఖం మాడ్చుకుని ఉంది. సెలూన్ యజమాని మాత్రం తన రోజంతా తేల్చేసుకున్నాడు. పొద్దున్న గడ్డాలు, క్రాపులు. మధ్యాహ్నం దుకాణం బామ్మర్దికి వదిలి పియానో పాఠం. ఈ పాఠాల సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదు. పెళ్లిరోజుకి భార్యను మాస్టారి ఇంటికి తీసుకెళ్లి, ఒక్క పాట వాయించి చూపించాలని అతని ఆశ.

చిక్కల్లా ఆ మాస్టారి పద్ధతిలో ఉంది. తలపండిన గురువు. వేళ్లు చెప్పిన మాట వినేదాకా పియానో ముట్టనివ్వరు. చెక్క మీదే సాధన. మిగతా నాలుగు వేళ్లూ ఆనించి ఉంచి, ఉంగరపు వేలొక్కటే లేపాలి, దించాలి. చెయ్యి ఖాళీగా ఉన్నప్పుడల్లా ఇదే పని.

ఫలహారం బల్ల మీద ఆ వేలు ఎగిరెగిరి పడడం భార్య కంట పడింది. ఏమిటది అని అడిగింది. అతను గబుక్కున చెయ్యి బల్ల కిందికి లాగేసి, ఏం లేదన్నాడు. అలా దాచినందుకే అదేదో జబ్బేనని ఆమె తేల్చేసుకుంది. అతను అటు గడప దాటగానే ఇటు తమ్ముడికి ఫోన్ చేసి, మీ బావకు చేతులు వణుకుతున్నాయి, నా దగ్గర దాస్తున్నారు, కత్తి పట్టనివ్వకు అని కళ్లనీళ్లు పెట్టుకుంది.

బామ్మర్ది అదే సెలూన్లో రెండో కుర్చీ మనిషి. మనసు మంచిది, నోరే కాస్త వదులు. ఆ మాట గుట్టుగా ఒక్కరికే చెప్పాడు. ఆ ఒక్కరూ పోస్ట్‌మాన్.

యజమాని వచ్చి కుర్చీ దులిపి నిలబడ్డాడు. ఎవరూ ఎక్కలేదు. బామ్మర్ది కుర్చీ ముందు మాత్రం వరస వీధిలోకి పాకింది. రోజూ వచ్చే బ్యాంకు గుమాస్తాను పిలిస్తే, గడ్డం ఇంకా పెరగలేదన్నాడు. చూస్తే చీపురు పుల్లల్లా ఉంది. నోరు వాసనేమోనని యజమాని వెళ్లి పుక్కిలించి వచ్చాడు. చొక్కా మార్చాడు. ఏమీ పాలుపోక కుర్చీ చేతి మీద సాధన మొదలుపెట్టాడు. వరసలోవాళ్లు ఆ వేలిని చూసి, ఒకరినొకరు చూసుకుని, తలా ఒక అడుగు వెనక్కి వేశారు.

"కూర్చో బావా," అన్నాడు బామ్మర్ది, అతని కత్తులన్నీ తన సొరుగులో పెట్టుకుంటూ. "ఇన్నేళ్లు కష్టపడ్డావు. ఇక నేనున్నాగా."

"నాకేమైందిరా?"

"అదే బావా, నువ్వు అడగకూడదు, మేం చెప్పకూడదు."

మధ్యాహ్నం భార్య క్యారియర్‌తో వచ్చింది. గ్లాసు తానే పట్టుకుని నీళ్లు తాగించబోయింది. అతను పాఠానికి లేవబోతే చెయ్యి పట్టుకుంది.

"ఏ డాక్టరు దగ్గరికి? నాకు చెప్పకుండా ఎన్నాళ్లని తిరుగుతారు?"

ఇక దాచి లాభం లేదనుకున్నాడు. "పియానో నేర్చుకుంటున్నానే."

"ఏం వాయిస్తారు?"

"ఇంకా ముట్టుకోలేదు."

"మొదలుపెట్టి ఎన్నాళ్లయింది?"

"నాలుగు నెలలు."

ఆమె తమ్ముడి వైపు తిరిగి, "జబ్బు తలక్కూడా ఎక్కిందిరా," అంది నీరసంగా.

ఈ మాటల్లో పాఠం వేళ దాటిపోయింది. ఎన్నడూ తప్పని శిష్యుడు రాలేదేమని మాస్టారే వెతుక్కుంటూ వచ్చారు. సంగతంతా నిలబడే విన్నారు. బుగ్గలదాకా పాకిన మీసాలు ఆయనవి. కోపానికి అవి కూడా లేచాయి.

"నా దగ్గర తయారైన వేళ్లు వణుకుతాయా?" అంటూ నేరుగా వెళ్లి యజమాని కుర్చీలో కూర్చున్నారు. "గడ్డం గియ్యవయ్యా. అందరూ చూడనీ."

బామ్మర్ది సొరుగులోంచి కత్తి తీసి ఇచ్చాడు. వరస మొత్తం వచ్చి చుట్టూ మూగింది. కత్తి పట్టిన నాటినుంచీ ఒక్కసారైనా వణకని చెయ్యి, గురువు ముఖం మీదికి వెళ్లేసరికి వణికింది. కుడివైపు మీసం సగం ఆయన ఒళ్లో పడింది.

రేపటినుంచి కుర్చీ అమ్ముకోవడమే అనుకున్నాడు యజమాని. మాస్టారు అద్దంలో చాలాసేపు చూసుకున్నారు.

"మళ్లీ మొదటినుంచి," అన్నారు చివరికి, రెండో చెంప తిప్పుతూ. "ఈసారి తొందరపడకు."

ఈసారి చెయ్యి రాయిలా నిలిచింది. మిగిలిన మీసమంతా ఒక్క గాటు లేకుండా నున్నగా దిగింది.

భార్య బల్ల మీద క్యారియర్ విప్పింది. నలుగురూ తలలు వంచుకుని తిన్నారు. ఎవరూ ఎవరి ముఖమూ చూడలేదు, ముఖ్యంగా మాస్టారి ముఖం. బయట యజమాని కుర్చీకి మళ్లీ వరస కట్టారు. మీసాలున్నవాళ్లు మాత్రం బామ్మర్ది వైపే నిలబడ్డారు.